నాబోతు ద్రాక్షతోట, యెజ్రెయేలు పెద్దలు: గని ప్రాంత ప్రజల హక్కులను గూర్చి ఒక పరిశీలన

1 రాజులు 21వ అధ్యాయమును మన ప్రసంగవేదికలమీద సాధారణముగా రెండు విధములుగా వింటుంటాము. ఒకటి, పొరుగువాని సొత్తును ఆశించిన అహాబు పాపము. రెండవది, భర్తను దుర్మార్గమునకు పురికొల్పిన యెజెబెలు దుష్టత్వము. ఈ రెండును వాక్యభాగములో ఉన్నవే. అయితే 8వ వచనము నుండి 14వ వచనము వరకు జరిగిన పనిని చేసినది రాజు కాదు, రాణి స్వయముగా చేసినదియు కాదు. నాబోతు నివసించిన ఊరి పెద్దలు, అక్కడి ప్రముఖులు చేసిరి. వారిని గూర్చి మనము ప్రసంగించుట అరుదు. గనుల తవ్వకము వలన భూమిని, నీటిని, ఆరోగ్యమును పోగొట్టుకొనుచున్న ప్రజల విషయములో సంఘము ఏమి చేయవలెనను ప్రశ్నను ఆ పెద్దల దగ్గరనుండి మొదలుపెట్టి ఆలోచించవలెనని ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ఒక మాట. బైబిలు గనులకు వ్యతిరేకమైన గ్రంథము కాదు. వాగ్దాన దేశమును వర్ణించుచు ద్వితీయోపదేశకాండము 8:9 దాని రాళ్లలో ఇనుమును, కొండలలో రాగిని కూడ దేవుని దానముగానే లెక్కించుచున్నది. యోబు 28:1-11లో భూగర్భములోనికి దిగి, మనుష్యుల అడుగు పడని చోట వ్రేలాడుచు, పర్వతములను వేళ్లతో సహా తిరుగవేయు పనివారిని చూడగలము. ఆ వర్ణనలో నింద లేదు, ఆశ్చర్యమున్నది. మన సంఘములలోనే సింగరేణి జీతముతో పిల్లలను చదివించుకొన్న కుటుంబములు అనేకము ఉన్నవి. గనిలోనికి దిగేవాని పనికి తీర్పు తీర్చుట మన పని కాదు. మన ప్రశ్న వేరు. తవ్విన దాని లాభము ఎవరికి పోవుచున్నది? దుమ్ము, ఎండిన బావి, కూలిన గోడ ఎవరికి మిగులుచున్నవి? ఈ పంపకమును నిర్ణయించిన సభలో నష్టపోయేవాడు కూర్చున్నాడా?

పర్యావరణ న్యాయము అను మాట

పర్యావరణ పరిరక్షణ, పర్యావరణ న్యాయము ఒకటి కావు. అడవిని, నదిని, జంతువులను కాపాడుట మొదటిది. రెండవది, చెడిపోయిన గాలి, నీరు ఎవరి వంతుకు వచ్చుచున్నవి అని అడుగుట. ఈ రెండవ మాట ప్రచారములోనికి వచ్చుటకు ఒక సంఘము ముఖ్య కారణమని మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. 1982లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రము, వారెన్ కౌంటీలో విషరసాయనములు కలిసిన మట్టిని పూడ్చిపెట్టుటకు ప్రభుత్వము స్థలమును ఎంపిక చేసినది. ఆ ప్రాంతములో ఎక్కువమంది నల్లజాతివారు, పేదలు. కోలీ స్ప్రింగ్స్ బాప్టిస్టు సంఘమునుండి బయలుదేరిన ఊరేగింపులు లారీలకు అడ్డము నిలిచినవి. ఐదువందల మందికి పైగా అరెస్టయ్యారు. ఆ పోరాటము స్థలమును కాపాడలేకపోయినది. మట్టిని అక్కడే పూడ్చిరి. అయితే 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అను సంఘమునకు చెందిన జాతి న్యాయ కమిషన్ దేశమంతటి లెక్కలను తీసి, ప్రమాదకర వ్యర్థముల కేంద్రములు ఎక్కడ పెట్టబడుచున్నవో తెలిసికొనుటకు అన్నిటికంటె బలమైన సూచిక అక్కడివారి జాతియే అని ప్రకటించినది. పటము గీసి చూపించుట కూడ ప్రవచన పరిచర్యయే అని అప్పుడు రుజువైనది.

మానవ హక్కుల వైపునుండి కూడ దారి అక్కడికే వచ్చినది. మన రాజ్యాంగము 21వ అధికరణలోని జీవించే హక్కులో కలుషితము కాని నీరు, గాలి అనుభవించుట కూడ ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పినది. పరిశుభ్రమైన పర్యావరణము ప్రతి మనుష్యుని హక్కు అని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2022 జూలై 28న తీర్మానించినది.

బొర్రా కొండలనుండి వచ్చిన తీర్పు

మన ప్రాంతపు ఉదాహరణకు వత్తాము. విశాఖ ఏజెన్సీలోని అనంతగిరి మండలము 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. బొర్రా గుహలను చూచుటకు మన యౌవనస్థుల బృందములు తరచుగా వెళ్లుచుండును. ఆ గుహల చుట్టుప్రక్కల ఉన్న గిరిజన గ్రామములలో కాల్సైటు, అభ్రకము వంటి ఖనిజములను తవ్వుకొనుటకు గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వము లీజులు ఇచ్చినది. సాగుచేసుకొనుచున్న భూమికి పట్టా లేని గిరిజనులు తమ పొలములోనే కూలివారైరి. వారి పక్షమున సమత అను స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానమునకు వెళ్లినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును సమత తీర్పు అని పిలుచుచున్నారు. ముగ్గురు న్యాయమూర్తులలో కె. రామస్వామి, ఎస్. సఘీర్ అహ్మద్ ఒక అభిప్రాయమునకు వచ్చిరి. జి.బి. పట్నాయక్ విభేదించిరి.

ఈ తీర్పు అంతయు ఒక చిన్న పదము మీద నిలిచి ఉన్నది. అది మన వ్యాఖ్యాన శాస్త్ర విద్యార్థులకు ఆసక్తికరముగా ఉండగలదు. 1959 నాటి 1వ రెగ్యులేషను, దానిని సవరించిన 1970 నాటి రెగ్యులేషను (జనులు దీనినే 1/70 చట్టము అందురు) ప్రకారము ఏజెన్సీ ప్రాంతములో ఏ 'వ్యక్తి' కూడ గిరిజనేతరునికి భూమిని బదలాయించరాదు. ప్రభుత్వము వాదన ఏమనగా: మేము వ్యక్తి కాము గనుక మా భూమిని మేము ఎవరికైనను లీజుకు ఇవ్వవచ్చును. న్యాయస్థానము అధిక సంఖ్యాకుల తీర్పులో ఆ వాదనను త్రోసివేసి, ఈ చట్టములో 'వ్యక్తి' అనగా ప్రభుత్వము కూడ అని నిర్ణయించినది. కనుక ప్రైవేటువారికి ఇచ్చిన గని లీజులు చెల్లవు. రాజు కూడ ధర్మశాస్త్రమునకు లోబడవలెనను ద్వితీయోపదేశకాండము 17:18-20 నియమము మనకు గుర్తుకు రావలెను. ప్రాచీన తూర్పు దేశములలో సాధారణముగా రాజే చట్టము. ఇశ్రాయేలులో మాత్రము రాజు తన కొరకు ధర్మశాస్త్రపు ప్రతిని వ్రాసికొని ప్రతి దినము చదువుకొనవలసినవాడు.

తీర్పులో ఇంకొక అంశము మన సేవకులకు అంతగా తెలియదు. ఏజెన్సీలో తవ్వకము జరిగినచో నికర లాభములో కనీసము 20 శాతమును శాశ్వత నిధిగా పెట్టి, అక్కడివారి నీటి వసతి, పాఠశాల, ఆసుపత్రి, రహదారి మొదలైనవాటికి వినియోగించవలెనని న్యాయస్థానము చెప్పినది.

అయితే తీర్పు ఒక తలుపును తెరచియే ఉంచినది. ప్రభుత్వ రంగ సంస్థలు, గిరిజనుల సహకార సంఘములు తవ్వవచ్చును. ఈ తలుపు గుండానే బాక్సైటు వచ్చినది. 2005లో జిందాల్ సంస్థతోను, 2007లో రస్ అల్ ఖైమా ప్రభుత్వముతోను రాష్ట్ర ప్రభుత్వము ఒప్పందములు చేసికొన్నది. ఖనిజాభివృద్ధి సంస్థ కొండను తవ్వును. ఖనిజమును ప్రైవేటు కర్మాగారమునకు అమ్మును. చట్టము అక్షరమునకు భంగము లేదు. చట్టము ఎవరి కొరకు పుట్టినదో వారికి మాత్రము కొండ మిగలదు. 2015 నవంబరులో జెర్రెల అటవీ ప్రాంతములో 1,212 హెక్టార్లను ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించుటకు 97వ నంబరు జీవో వెలువడినది. చింతపల్లి ప్రాంతమంతయు అలజడి చెందగా ప్రభుత్వము దానిని నిలిపివేసినది. 2019లో కొత్త ప్రభుత్వము రద్దు చేసినది. జీవోతో వచ్చినది మరియొక జీవోతో పోయినది. అదే దారిన తిరిగి రాగలదు. ఏజెన్సీ సేవకులు దీనిని ముగిసిన కథగా తలంచరాదు.

మైదాన ప్రాంత సంఘములు ఇది కొండవారి గొడవ అనుకొనవచ్చును. గోస్తని నది బొర్రా కొండలలో పుట్టి తాటిపూడి జలాశయములోనికి వచ్చి విశాఖపట్టణమునకు త్రాగునీరు అగుచున్నది. ఆ పట్టణములో ఆదివారము సంస్కారపు గిన్నెలను కడుగు నీరు ఏ కొండమీదిదో ఒకసారి ఆలోచించవలెను.

కొండ దేవుడు కాదు, అయితే ఎవరిది?

ఇక్కడ మన వేదాంతమునకు ఒక కఠినమైన ప్రశ్న ఉన్నది. దానిని దాటవేయుట మంచిది కాదు. ఒడిశాలోని నియమగిరి కొండలలో నివసించు డోంగ్రియా కోందులు ఆ కొండను నియమరాజు అను దేవుని నివాసముగా కొలుచుదురు. అక్కడ బాక్సైటు తవ్వి లాంజిగఢ్‌లోని వేదాంత సంస్థ కర్మాగారమునకు పంపుటకు సిద్ధపడిరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ విషయమును గ్రామసభలే నిర్ణయించవలెనని చెప్పినది. వారి మతపరమైన హక్కులకు భంగము కలుగునా అని కూడ గ్రామసభలే తేల్చవలెను. రాయగడ, కలహండి జిల్లాలలోని 12 గ్రామములలో ఆ సంవత్సరము జూలై, ఆగస్టు నెలలలో జిల్లా న్యాయాధికారి సమక్షములో సభలు జరిగినవి. పన్నెండును వద్దనినవి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతిని నిరాకరించినది.

ఇప్పుడు మన సంఘములు ఉన్న కొండలను చూడుడి. కొండ దేవత కాదు, చెట్టు దేవత కాదు, సృష్టిని కాక సృష్టికర్తను ఆరాధించుడని మన సేవకులు ఏజెన్సీలో బోధించిరి. అది సువార్తలోని సత్యమే. అయితే విన్నవారి మనస్సులో దానితోపాటు మరియొక ఆలోచన కూడ నాటుకొనవచ్చును: కొండ వట్టి రాయి, వట్టి రాయిని ఎవరు పగులగొట్టిననేమి? 1967లో లిన్ వైట్ అను చరిత్రకారుడు క్రైస్తవ్యము మీద మోపిన నేరము సరిగా ఇదే. చెట్టులోని, ఏటిలోని దేవతలను వెళ్లగొట్టి, ప్రకృతిని దోచుకొనుటకు అడ్డు లేకుండ చేసినది క్రైస్తవ్యమే అని ఆయన వాదించెను. దీనికి ఆదికాండము 1:28లోని ఏలుడి అను ఆజ్ఞను మనవారు వాడిన తీరు కొంత సాక్ష్యము ఇచ్చుచున్నదని ఒప్పుకొనవలసి ఉన్నది.

అయితే జవాబు కూడ అదే గ్రంథములో ఉన్నది. ఆదికాండము 2:15లో ఆదామునకు అప్పగించిన పనికి హెబ్రీ భాషలో రెండు క్రియలున్నవి: ఆబద్, షామర్. మొదటిది సేవించుట, రెండవది కాచుట. లేవీయులు ప్రత్యక్షపు గుడారములో చేయు సేవకు సంఖ్యాకాండము 3:7-8లో వాడినవి ఇవే. భూమి దేవుడు కాదు, అయితే దేవుని సన్నిధిలో చేయు సేవగా దానిని కాపాడవలెను. లేవీయకాండము 25:23 ఇంకను సూటిగా మాటలాడుచున్నది: భూమి యెహోవాది, దానిమీద ఉన్నవారు ఆయన యొద్ద కాపురమున్న పరదేశులు. కొండలో దేవత లేదని చెప్పిన సేవకుడు, ఆ కొండ యజమాని ఎవరో కూడ అదే ప్రసంగములో చెప్పవలసి ఉన్నది. సగము చెప్పి ఆపుటవలన క్వారీ కాంట్రాక్టరుకు మేలు జరుగును.

ఈ సందర్భములో ఒక భయమును కూడ తొలగించవలెను. క్రైస్తవులైతే 1/70 రక్షణ పోవునని కొన్ని గ్రామములలో పుకారు పుట్టించుచుందురు. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వులో మత నిబంధన ఉన్నది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో లేదు. బాప్తిస్మము తీసికొన్నంత మాత్రమున గిరిజనుడు గిరిజనుడు కాకపోడు.

యెజ్రెయేలులో జరిగిన సభ

ఇప్పుడు నాబోతు దగ్గరకు తిరిగి వత్తాము. అహాబు మొదట అడిగినది దౌర్జన్యముగా కాదు (వ. 2). ఇంతకంటె మంచి ద్రాక్షతోట ఇత్తును, లేనియెడల క్రయధనము ఇత్తును అనినాడు. భూమికి భూమి, లేదా నష్టపరిహారము. నేటి పునరావాస ప్యాకేజీలో ఉండునవి ఇవే. నాబోతు ధర తక్కువైనదని నిరాకరించలేదు. మన తెలుగు బైబిలులో పిత్రార్జితము అని ఉన్నచోట హెబ్రీ పదము నహలా. అది దేవుడు గోత్రమునకు పంచిన వంతు, తరమునకు తరము అప్పగించవలసినది (సంఖ్యా. 36:7). అమ్ముటకు తనకు అధికారము లేని వస్తువునకు ఎంత ధర చెప్పిననేమి? గిరిజన గ్రామములో ఎకరమునకు ఇంత ఇచ్చెదమని లెక్క చెప్పిన అధికారికిని, మా తాతల కొండ అని చెప్పిన ముసలివానికిని మధ్య నిలిచిన గోడ ఇదే.

అప్పుడు యెజెబెలు చేసినది చూడుడి. ఆమె సైనికులను పంపలేదు. తాకీదు వ్రాయించి, రాజముద్ర వేయించి, పెద్దలకు పంపినది. ఉపవాసము ప్రకటించిరి. సభ కూడినది. నాబోతును జనుల యెదుట నిలువబెట్టిరి. ధర్మశాస్త్రము ఇద్దరు సాక్షులు కావలెను అన్నది గనుక (ద్వితీ. 19:15) ఇద్దరినే తెచ్చిరి. నేరము కూడ చట్టములో ఉన్నదే: దేవునిని, అధికారిని దూషించుట (నిర్గమ. 22:28). ఏ ఒక్క విధియు తప్పలేదు. కాగితములన్నియు సరిగా ఉన్నవి. ఈ అధ్యాయములో నన్ను ఎక్కువగా కలవరపెట్టునది ఇదే. అన్యాయము చట్టమును ఉల్లంఘించి కాదు, చట్టపు వేషము వేసికొని వచ్చినది. దానికి ఊరి పెద్దల చేవ్రాలు, ఒక ఉపవాస కూడిక అవసరమైనవి. పెద్దలలో ఒక్కడైనను ప్రశ్న అడిగినట్లు వ్రాయబడలేదు. నాబోతు కుమారులు కూడ ఆ రక్తములో పాలివారైరని 2 రాజులు 9:26 వలన తెలియుచున్నది. అనగా తోటకు వారసుడు కూడ మిగలలేదు.

పాస్టరు గ్రామములో పెద్దలలో ఒకడు. చదువు వచ్చినవాడు. మైకు పట్టుకొని మాటలాడగలవాడు. గని వచ్చుచున్న ఊరిలో సభ జరుగునప్పుడు అధికారులు, కంపెనీవారు మొదట పిలుచువారిలో అతడుండును. ప్రార్థనతో ప్రారంభించమని కూడ అడుగవచ్చును. కనుక ఆ సభ నియమములు ఏమిటో అతనికి తెలిసి ఉండవలెను.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలసిన ప్రాజెక్టుకు కనీసము 30 దినముల ముందు ప్రకటన వేయవలెను. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశము స్థానిక భాషలో అందుబాటులో ఉండవలెను. జిల్లా కలెక్టరు గాని తగిన స్థాయి ప్రతినిధి గాని అధ్యక్షత వహించవలెను, సభనంతటిని వీడియో తీయవలెను. రానివారు వ్రాతపూర్వకముగా అభిప్రాయము పంపవచ్చును. కోరము లేదు గనుక ముగ్గురు వచ్చినను సభ జరిగినట్లే లెక్క. కోపముతో సభను బహిష్కరించువారు ఈ సంగతిని ఎరిగి నిర్ణయించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది చివర ఉన్నది. చెప్పిన అభ్యంతరములన్నియు వ్రాసిన సారాంశమును సభ ముగియక మునుపు ప్రజల భాషలో చదివి వినిపించి, ఆ దినమే సంతకము చేయవలెను. చాలాచోట్ల భోజనముల హడావిడిలో జనము లేచిపోవుచుండగా ఇది పేరుకు మాత్రము జరుగుచుండును. తన సంఘస్థులను చివరివరకు కూర్చుండబెట్టి, చదువుడి, వింటాము అని అడుగుట పాస్టరు చేయగలిగిన పని. ఏజెన్సీలోనైతే 1996 నాటి పెసా చట్టము వలన భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించవలెను. రాయి, కంకర వంటి చిన్నతరహా ఖనిజముల లీజుకు వారి ముందస్తు సిఫారసు తప్పనిసరి.

దానము, హక్కు

మైదానములో మన సంఘస్థులలో అధికులు దళితులు, భూమి లేనివారు. అయిదవ షెడ్యూలు వారిని కాపాడదు. క్వారీ వచ్చినప్పుడు పట్టాదారునికి డబ్బు వచ్చును. ఆ పొలములో కలుపు తీసిన స్త్రీకి ఏమియు రాదని అందరును అనుకొందురు. 2013 నాటి భూసేకరణ చట్టము అట్లు చెప్పుటలేదు. సేకరణకు మునుపు మూడు సంవత్సరములుగా ఆ భూమి మీద ముఖ్య జీవనోపాధిగా ఆధారపడిన వ్యవసాయ కూలీలు, కౌలుదారులు కూడ నష్టపోయిన కుటుంబములే. ఈ ఒక్క వాక్యము తెలియక ఎన్ని కుటుంబములు వట్టి చేతులతో ఊరు విడిచెనో!

అట్లే 2015 సవరణ చట్టము ప్రకారము ప్రతి గని జిల్లాలోను జిల్లా ఖనిజ ఫౌండేషను ఉండవలెను. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుదారులు రాయల్టీలో 30 శాతమును, వేలములో పొందినవారు 10 శాతమును దానికి చెల్లించవలెను. తవ్వకము వలన నష్టపోయినవారి మేలు కొరకే ఆ నిధి. ఇది దానము కాదు, బాకీ. కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధులనుండి మందిరమునకు ప్రహరీ గోడ, బోరు వేయించునప్పుడు మన కృతజ్ఞతా కూడికలలో ఈ రెండును కలిసిపోవుచున్నవి. బాకీని దానముగా స్తుతించిన నోరు తరువాత ప్రశ్న అడుగలేదు. ప్రహరీ గోడ కావలెనా వద్దా అనునది సంఘ పెద్దలు నిర్ణయించుకొనవలెను గాని, గోడ కట్టించినవారి పేర సభలో ప్రార్థన చేయునప్పుడు ఎవరి పొలములో దుమ్ము పడుచున్నదో ఆ కుటుంబము కూడ అదే వరుసలో కూర్చున్నదని జ్ఞాపకముంచుకొనవలెను.

చివరిగా సంఘ రిజిస్టరు సంగతి. అటవీ హక్కుల చట్టము 2006లో వచ్చినది. 2005 డిసెంబరు 13కు మునుపునుండి అడవి భూమిలో ఉన్న గిరిజనుడు హక్కు కోరవచ్చును. గిరిజనేతరులైతే మూడు తరములు, అనగా 75 సంవత్సరములు అక్కడ నివసించినట్లు చూపవలెను. దాని నియమములలోని 13వ నియమము ఏవి సాక్ష్యములుగా పనికివచ్చునో చెప్పుచున్నది. ప్రభుత్వ కాగితములు మాత్రమే కాదు. పాత బావులు, సమాధుల స్థలములు, ఆరాధన స్థలములు కూడ పనికివచ్చును. హక్కు కోరువారు కాక ఇతర పెద్దలు ఇచ్చి, వ్రాతలో పెట్టిన వాంగ్మూలము కూడ సాక్ష్యమే. ఒకటికంటె ఎక్కువ ఆధారములు చూడవలెనని కూడ అదే నియమములో ఉన్నది. పాత సంఘములలో బాప్తిస్మపు, వివాహపు, భూస్థాపన పుస్తకములు చెదలు పట్టి బీరువాలలో ఉన్నవి. వాటిలో ఊరి పేరు, తండ్రి పేరు, తేదీ ఉన్నవి. సమాధుల తోటలో రాళ్లమీద సంవత్సరములున్నవి. ఆ పుస్తకములను బయటికి తీసి, నకళ్లు తీయించి, ఊరిలో ముసలివారు బ్రతికియుండగానే వారి మాటలను తేదీతో, వ్రేలిముద్రతో వ్రాయించి ఉంచుట గని రాకమునుపు చేయవలసిన పని.